పాత మందుకు కొత్త పరీక్ష

మలేరియా మీద ఓడిపోయిన ఓ మందు కుటుంబం పాడి ఆవును బతికించింది. తాగుడు మాన్పించే మాత్ర మీద అమెరికాలో పిడుదు జబ్బు రోగులు ఆశలు పెట్టుకున్నారు. మొదటిది గెలిచింది. రెండోది ఇంకా దారిలోనే ఉంది. తేడా ఎక్కడుంది?

ఆముదపు గింజను ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. నున్నగా, ఉబ్బుగా, మచ్చలతో... నెత్తురు తాగి బలిసిన పిడుదులా లేదూ! లాటిన్ మాట్లాడే వాళ్లకూ అలాగే అనిపించింది. అందుకే ఆముదం మొక్కకు 'రిసినస్' అనే శాస్త్రీయ నామం వచ్చింది. లాటిన్‌లో ఆ మాటకు పిడుదు అని అర్థం.

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో పిడుదును ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. గోమారి అన్నా అదే. ఆవు చెవుల వెనక, గంగడోలు మడతల్లో, పొదుగు పక్కన, తోక కింద అంటుకుని ఉంటుంది. పెద్దవాళ్లు సాయంత్రం పూట పశువు పక్కన కూర్చుని ఒక్కొక్కటే పీకి పడేస్తారు. నెత్తురు తాగితే తాగింది, అంతటితో పోతే బాగుండు. కానీ అది పోతూ పోతూ ఒంట్లో ఓ జబ్బును వదిలి వెళ్తుంది. ఆ జబ్బు పేరు థైలేరియోసిస్.

కొట్టంలో ఎండాకాలం, వానాకాలం వచ్చాయంటే ఈ జబ్బు విజృంభిస్తుంది. ఉన్నట్టుండి ఆవుకు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం వస్తుంది. మేత ముట్టదు, నెమరు వేయదు. భుజం ముందు బిళ్లలు కడతాయి. పాలు తగ్గిపోతాయి. రోజులు గడిచేకొద్దీ నెత్తురు విరిగి కళ్లు పాలిపోతాయి, ఆయాసం మొదలవుతుంది. నాటు పశువులు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన సంకర జాతి ఆవులు, వాటి దూడలు తట్టుకోలేవు. అంటే, ఎక్కువ పాల కోసం అప్పు చేసి తెచ్చుకున్న ఆవుకే ఎక్కువ ముప్పు!

ఓడిన చోటే వెతికారు

ఈ జబ్బుకు ఇప్పుడు పశువుల డాక్టర్లు వేసే ప్రధానమైన ఇంజక్షన్ బుపర్వాక్వోన్. దాని పుట్టుక చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ కథ ఆవుతో మొదలుకాలేదు, యుద్ధంతో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో జావా ద్వీపం జపాన్ చేతికి చిక్కింది. ప్రపంచానికి క్వినైన్‌లో అత్యధిక భాగం అక్కడి సింకోనా తోటల నుంచే వచ్చేది. అది ఆగిపోయేసరికి మలేరియాకు కొత్త మందులు వెతకాల్సి వచ్చింది. అమెరికాలో హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త లూయీ ఫీజర్ బృందం నాఫ్తోక్వినోన్లు అనే రసాయనాల మీద పనిచేసింది. ఆశ పుట్టింది కానీ మనుషుల్లో అవి సరిగా పనిచేయలేదు. ఆ కుటుంబంలోనే తర్వాత వచ్చిన మెనోక్టోన్ కూడా మలేరియా రోగుల్లో నిరాశపరిచింది. కథ అక్కడితో ముగిసిపోవాలి.

కానీ ముగియలేదు. ఇంగ్లండ్‌లోని వెల్‌కమ్ పరిశోధనశాలలో పనిచేసే మెక్‌హార్డీ, సహచరులు ఓ ప్రశ్న వేసుకున్నారు. మలేరియా క్రిమి నెత్తుటి కణంలో దూరి బతుకుతుంది. థైలేరియా దానికి దూరపు చుట్టం, అదీ కణాల్లోనే దూరుతుంది. అక్కడ ఓడింది ఇక్కడ గెలుస్తుందేమో? ఆఫ్రికాలో పశువులను చంపే థైలేరియా రకం మీద మెనోక్టోన్ పనిచేస్తోందని 1976లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ దారిలోనే పర్వాక్వోన్, దానికంటే మెరుగైన బుపర్వాక్వోన్ వచ్చాయి. బుపర్వాక్వోన్ ఫలితాలు 1985లో వెలువడ్డాయి.

అదేం చేస్తుంది? థైలేరియా మహా గడుసుది. వ్యాధులతో పోరాడే తెల్ల కణాల్లోకే దూరి, వాటిని క్యాన్సర్ కణాల్లా అదుపు లేకుండా పెంచుతుంది. బిళ్లలు కట్టేది అందుకే. బుపర్వాక్వోన్ ఆ క్రిమికి శక్తినిచ్చే యంత్రాంగాన్ని ఆపేస్తుంది. క్రిమి చచ్చిపోగానే కణాల పిచ్చి పెరుగుదల ఆగిపోతుంది. అయితే మందు తొందరగా పడాలి. నెత్తురు విరిగిపోయాక ఇస్తే ఫలితం అనుమానమే.

ఇక్కడో చిక్కుంది. లేచి తిరిగే ఆవులో కూడా కొద్దిపాటి క్రిములు ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు. ఆవుకు ఏమీ ఉండదు. దాన్ని కుట్టిన పిడుదు మాత్రం ఆ క్రిమిని పక్క ఆవుకు మోసుకెళ్తుంది. అంటే జ్వరం తగ్గినా జబ్బు కొట్టంలోనే ఉంటుంది. పైగా ట్యునీషియా, ఇరాన్ లాంటి దేశాల్లో ఈ మందుకు లొంగని థైలేరియా బయటపడింది. అందుకే నివారణే మేలంటారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ 'రక్షావాక్-టి' పేరుతో దీనికి టీకా తయారుచేసింది. బతికున్న కణాల టీకా కాబట్టి ద్రవ నత్రజనిలో ఉంచాలి. కరెంటు నిలకడగా ఉండని పల్లె దాకా దాన్ని చల్లగా చేర్చడం చిన్న పని కాదు.

ఆవు మందుకు తోబుట్టువు మనిషికి

అదే వెల్‌కమ్ సంస్థ, అదే రసాయన కుటుంబం నుంచి మనుషుల కోసం అటోవాక్వోన్ తెచ్చింది. 1992లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది మలేరియాకు కాదు, ఎయిడ్స్ రోగులకు వచ్చే ఓ రకం న్యుమోనియాకు! మలేరియాకు ప్రోగ్వానిల్‌తో కలిపి వాడటం ఆ తర్వాత వచ్చింది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జింకల మీద బతికే పిడుదులు మనిషికి బబేసియోసిస్ అనే జబ్బును అంటిస్తాయి. మలేరియాలాగే జ్వరం, చలి, నెత్తురు తగ్గడం ఉంటాయి. దీనికి క్వినైన్, క్లిండమైసిన్ కలిపి ఇచ్చేవాళ్లు. జబ్బు తగ్గేది కానీ చెవుల్లో హోరు, విరేచనాలతో రోగి అల్లాడేవాడు. అటోవాక్వోన్‌కు అజిత్రోమైసిన్ కలిపి ఇస్తే ఎలా ఉంటుందో 58 మంది మీద పోల్చి చూశారు. ఫలితాలు 2000లో వచ్చాయి. రెండు పద్ధతుల్లోనూ జబ్బు తగ్గింది. కానీ పాత మందులు వాడినవాళ్లలో 72 శాతం మందికి దుష్ప్రభావాలు వస్తే, కొత్త జంట వాడినవాళ్లలో 15 శాతం మందికే వచ్చాయి. పాత మందు కొత్త కొలువులో కుదురుకోవడమంటే ఇదీ. 'ఎవరికో తగ్గిందట' అని కాదు, పక్కపక్కన పెట్టి లెక్క తేల్చారు.

లైమ్ దగ్గర ఆగిన బండి

అదే జింక పిడుదు మోసుకొచ్చే ఇంకో జబ్బు లైమ్. కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊళ్లో, చుట్టుపక్కల చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచాయి. ఇంతమందికి ఒకేసారి కీళ్లజబ్బేమిటని తల్లులు పట్టుబట్టడంతో 1975లో పరిశోధన మొదలైంది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు కడుపులో మెలికలు తిరిగిన ఓ బ్యాక్టీరియాను గుర్తించారు. దానికి ఆయన పేరే పెట్టారు... బొరేలియా బర్గ్‌డార్ఫరీ.

అమెరికాలో ఏటా సుమారు 4 లక్షల 76 వేల మంది లైమ్‌కు చికిత్స పొందుతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెటికట్... మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడ్డ చోట్లే ఇవన్నీ. పెరట్లో గడ్డి కోసినా, పిల్లలతో అడవి దారుల్లో నడిచినా పిడుదు అంటుకోవచ్చు. కుట్టినచోట ఎర్రటి మచ్చ వలయంలా పెరగడం దీని గుర్తు. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. ఈ సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి.

మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ మాత్రలతో చాలామందికి నయమవుతుంది. కానీ నూటికి 5 నుంచి 10 మందికి చికిత్స పూర్తయ్యాక కూడా నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు నెలల తరబడి వదలవు. బ్యాక్టీరియా ఎక్కడో నిద్రాణంగా మిగిలిందా? అది పోయినా శరీరం దాని మీద పోరు ఆపలేదా? శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. పరీక్షల్లో ఏమీ తేలదు. చూసేవాళ్లకు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. మంచం మీంచి లేవలేని వాడికి మాత్రం నరకం. అలాంటివాళ్లు ఏ చిన్న ఆశ కనిపించినా చెయ్యి చాచడంలో వింతేముంది?

తాగుడు మాన్పించే మాత్ర

ఆ ఆశ ఓ విచిత్రమైన చోటు నుంచి వచ్చింది. డైసల్ఫిరామ్. తాగుడు మాన్పించే మాత్రగా మన ఊళ్లలోనూ చాలా ఇళ్లకు తెలిసిందే. రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనాలకు చెందినదిది. అలాంటి రసాయనాల మధ్య పనిచేసే కార్మికులు చుక్క తాగినా ఉండలేకపోతున్నారని 1937లోనే ఓ అమెరికన్ డాక్టరు రాశారు. దీన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తున్న డెన్మార్క్ పరిశోధకులు యెన్స్ హాల్డ్, ఎరిక్ జాకబ్సన్ ముందు తామే మింగి చూసుకున్నారు. ఆ తర్వాత మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడింది. పురుగుల మందు కాస్తా 1948కల్లా తాగుడు మందైంది! ఒంట్లో మద్యం విరిగే క్రమాన్ని అది మధ్యలో అడ్డుకుంటుంది. విషపదార్థమైన ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి వాంతులు, దడ, తలతిరుగుడు వస్తాయి.

ఆ మాత్ర లైమ్ దాకా ఎలా వచ్చింది? ఇక్కడ మనకు సంతోషం కలిగించే పేరొకటుంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జయకుమార్ రాజదాస్ ప్రయోగశాల నాలుగు వేలకు పైగా రసాయనాలను లైమ్ బ్యాక్టీరియా మీద ఒక్కొక్కటిగా పరీక్షించింది. అందులో ఇప్పటికే వాడుకలో ఉన్న మందులెన్నో. ఆ ఫలితాలతో 2016లో వచ్చిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత వెంకట రవీంద్ర పోతినేని. ఇంటిపేరు చూస్తేనే తెలుగుదనం కనిపిస్తుంది కదా! గాజు పాత్రలో బ్యాక్టీరియాను బాగా అణచినవాటిలో డైసల్ఫిరామ్ ఒకటని ఆ వడపోతలో తేలింది. ఇదే బృందం 2020లో అజ్లోసిలిన్ అనే పాత పెన్సిలిన్ జాతి మందు ఎలుకల్లో లైమ్ మీద పనిచేస్తోందని చూపించింది. 2025లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు పిపరాసిలిన్ అనే మరో పాత మందు, డాక్సీసైక్లిన్‌లో నూరో వంతు మోతాదుతోనే ఎలుకల్లో జబ్బును నయం చేసిందని ప్రకటించారు.

పాత మందుల్లోనే ఎందుకు వెతకడం అంటారా? కొత్త మందు తయారు కావాలంటే ఏళ్లు, కోట్లు కావాలి. పాత మందు ఎంత మోతాదులో ఏం చేస్తుందో ముందే తెలుసు. ధర తక్కువ. అయితే ఆ తక్కువ ధరే దానికి శాపం కూడా. పేటెంటు ముగిసిన మాత్ర మీద పెద్ద పరీక్షలకు డబ్బు పెట్టడానికి కంపెనీలు ముందుకు రావు. బండి మధ్యలో ఆగిపోయేది అక్కడే.

బాగైంది మందు వల్లేనా?

డైసల్ఫిరామ్ విషయంలో అదే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన డాక్టర్ కెనెత్ లీగ్నర్ ఏళ్లుగా బాధపడుతున్న ముగ్గురికి ఈ మాత్ర ఇచ్చారు. వాళ్లు బాగా కోలుకున్నారని 2019లో రాశారు. ఆ వార్త దావానలంలా పాకింది. ఇంకొందరు డాక్టర్లూ ఇవ్వడం మొదలుపెట్టారు. బాగుపడ్డామన్న వాళ్లున్నారు. నీరసం, మానసిక అలజడి, కాళ్లూచేతుల తిమ్మిర్లతో మధ్యలో ఆపేసినవాళ్లూ ఉన్నారు.

ముగ్గురు బాగుపడితే చాలదా? చాలదు. ఎందుకో చెప్పడానికి నెదర్లాండ్స్‌లో జరిగిన ఓ పరీక్ష ఉంది. లైమ్ తర్వాత బాధలు వదలని 280 మందికి ముందుగా అందరికీ రెండు వారాలు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు ఇచ్చారు. తర్వాత మూడు గుంపులు చేసి, రెండు గుంపులకు 12 వారాలు రెండు రకాల యాంటీబయాటిక్స్, మూడో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 2016లో లెక్క తేల్చారు. మూడు గుంపులవాళ్లూ మొదటికంటే కాస్త మెరుగయ్యారు. మూడింటికీ మధ్య తేడా మాత్రం లేదు!

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఉత్తుత్తి మాత్రల గుంపే లేకపోతే? 'పన్నెండు వారాలు మందు వాడాం, మెరుగయ్యాం' అని అందరూ నమ్మేవాళ్లు. అందులో అబద్ధమాడినవాళ్లు ఎవరూ ఉండరు. కాలం గడిస్తే కొంత తగ్గుతుంది, నమ్మకం వల్ల కొంత తగ్గుతుంది. మందు వల్ల ఎంత తగ్గిందో తెలియాలంటే పోల్చి చూడటమొక్కటే దారి.

కరోనా రోజుల్లో మనం కళ్లారా చూసిందీ ఇదే. బ్రిటన్‌లో 2020లో ఒకే పరీక్షలో రెండు పాత మందులను నిలబెట్టారు. ప్రపంచమంతా ఎగబడి కొన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆస్పత్రిలో చేరినవాళ్లను కాపాడలేకపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోని చవక స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మాత్రం వెంటిలేటర్ మీదున్న వాళ్ల మరణాలను మూడో వంతు తగ్గించింది. ముందే చెప్పగలిగినవాళ్లెవరు?

డైసల్ఫిరామ్ ఆ గీటురాయి మీద ఇంకా నెగ్గలేదు. గాజు పాత్రలో గెలిచింది, కొందరి అనుభవంలో గెలిచింది. పెద్ద ఎత్తున పోల్చిన పరీక్షలో గెలిచే దాకా దాన్ని లైమ్ మందు అనలేం. పైగా అది ఉత్తుత్తి మాత్ర కాదు, కాలేయాన్ని దెబ్బతీయగలదు.

మన గడపలో ఉన్న మందు

లైమ్ మనకు దూరపు జబ్బే. కానీ పిడుదు చుట్టాలు మోసుకొచ్చే జ్వరాలు రాయలసీమలో లేకపోలేదు. పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఇక్కడి ఆస్పత్రులకు కొత్త కాదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు దీని మీద పరిశోధన పత్రాలు కూడా రాశారు. పొలం పనులకు, పశువుల మేపుకు, నల్లమల వైపు కట్టెలకు వెళ్లేవాళ్లకు ఇది రావచ్చు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు... టైఫాయిడో, డెంగీనో అనుకుంటారు. చంకలోనో, గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటే అదే దీని ఆనవాలు. అందరికీ అది కనిపించకపోవచ్చు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి.

దీనికి వాడే మందు కూడా డాక్సీసైక్లిన్! ఆ మందుల వంశానికి మూలం టెట్రాసైక్లిన్లు. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసింది బెంజమిన్ డగ్గర్. ఆ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతి మరెవరో కాదు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఏడు పదులు దాటిన ఈ వంశానికి కూడా పరీక్షలు ఆగలేదు. మన దేశంలో 7 ఆస్పత్రుల్లో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌తో ఉన్న సుమారు 800 మంది మీద వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యుడు జార్జ్ వర్గీస్ నాయకత్వంలో ఓ పరీక్ష జరిగింది. డాక్సీసైక్లిన్ ఒక్కటే, అజిత్రోమైసిన్ ఒక్కటే, రెండూ కలిపి... మూడు విధాలుగా సెలైన్ ద్వారా ఇచ్చి చూశారు. చావు, వారం దాటినా వదలని ఇబ్బందులు, ఐదో రోజుకూ దిగని జ్వరం, ఈ మూడింటినీ కలిపి లెక్కగట్టారు. ఒక్కో మందే వాడినవాళ్లలో 47, 48 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి వస్తే, రెండూ కలిపి వాడినవాళ్లలో 33 శాతానికి తగ్గింది. మరణాల్లో మాత్రం తేడా కనపడలేదు. 2023లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేమిటి? రెండు పాత, చవక మందులను సరిగ్గా పోల్చి చూస్తే చాలు, కొత్త దారి దొరికింది. అదీ అమెరికాలో కాదు, మన ఆస్పత్రుల్లోనే!

ఇవి మరవొద్దు

* పిడుదును కిరోసిన్ పోసి, అగ్గిపుల్లతో కాల్చి తీయొద్దు. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి.
* పశువు మీది పిడుదులను ఉత్త వేళ్లతో చిదమొద్దు. గుజరాత్‌లో 2011లో ప్రాణాలు తీసిన క్రిమియన్ కాంగో జ్వరం అలాంటి పిడుదుల నుంచే వస్తుంది.
* థైలేరియాను మోసే పిడుదులు కొట్టం గోడల సందుల్లో, పగుళ్లలో దాక్కుని గుడ్లు పెడతాయి. వాటిని పూడ్చి సున్నం వేయండి. పశువు మీద మందు కొట్టి గోడను వదిలేస్తే ప్రయోజనం సగమే.
* సంకర జాతి ఆవుకు జ్వరంతో పాటు బిళ్లలు కడితే రేపటిదాకా చూడొద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. పశువుల ఇంజక్షన్ మనుషులకు పనికిరాదు.
* పొలానికో, అడవికో వెళ్లొచ్చినవాళ్లకు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఒంటి మీద నల్లటి పొక్కు ఉందేమో చూడండి. మాత్రలు సొంతంగా కొని మింగొద్దు.
* తాగుడు మాన్పించే మాత్రను భర్తకో, కొడుక్కో తెలియకుండా అన్నంలో కలపడం ప్రాణం మీదికి తెస్తుంది. దానిమీద మద్యం తాగితే రక్తపోటు పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. మాత్ర ఆపాక రెండు వారాల వరకూ ఆ ముప్పు ఉంటుంది. మద్యం కలిసిన కొన్ని దగ్గు మందులు, టానిక్కులతోనూ జాగ్రత్త. ఆ మనిషికి చెప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే సరైన పని.

విదేశంలో ఉన్న కొడుకో, కూతురో 'ఇక్కడ పిడుదు జబ్బుకు ఫలానా మాత్ర వాడుతున్నారట' అని ఫోన్లో చెబితే ఒక్క మాట అడగండి. ఎంతమందికి ఇచ్చి చూశారు, దేనితో పోల్చి చూశారు? బుపర్వాక్వోన్, అటోవాక్వోన్, డాక్సీసైక్లిన్... ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాకే మన దాకా వచ్చాయి. డైసల్ఫిరామ్ కూడా చెప్పనీండి. అప్పుడు చూద్దాం!